మోచేతి కింద ఏడు దారాలు

ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితంలో తొమ్మిదో షరతు ఒకే ఒక్క వాక్యం. "అభ్యర్థులకు మోచేతి కింద ఉంగరం, గాజు, వాచీ మొదలైనవేవీ ఉండకూడదు." రక్తం తీసే ఉద్యోగం కనుక చేతులు శుభ్రంగా, బోసిగా ఉండాలని దాని అర్థం. దుకాణాలకు బోర్డులు రాసుకు బతికే నాకు ఒక్కసారి చదివితేనే అర్థమైంది. మా బంధువులకు తొమ్మిది రోజులు చదివినా అర్థం కాలేదు. వాళ్ళు నాకంటే ఎక్కువ చదువుకున్నారు మరి.

ఇంటర్వ్యూ మా ఆవిడకు. పందొమ్మిదేళ్ళ కిందట ఒక ల్యాబులో రోజుకు అరవై చేతులకు సూది గుచ్చి ఒక్కరి చేతా "అబ్బా" అనిపించుకోని మనిషి. మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టిన రోజున తెల్లకోటు మడిచి అలమరలో పెట్టేసింది. అమ్మ ఏడేళ్ళు మంచంలోనే ఉంది. ఆ తరువాత పాప బడి, పాప కాలేజీ, మధ్యలో నేను నిచ్చెన మీంచి పడి విరగ్గొట్టుకున్న కాలు. పాప హాస్టలుకు వెళ్ళిన వారానికి ఆవిడ అలమర తెరిచి కోటు వేసుకుని చూసుకుంది. గుండీలు కలవలేదు.

"కోటు మార్చుకుంటాను, పని మార్చుకోను," అంది.

ఆ ఉద్యోగానికి వయసు పరిమితి నలభై అయిదు. ఆవిడకు నలభై నాలుగు దాటి పది నెలలు. ఆ ఆసుపత్రి మళ్ళీ మనుషుల్ని తీసుకునేది రెండేళ్ళ తరువాతే. అంటే ఈ గురువారం తప్పితే ఇక ఏ వారమూ లేదు.

ఇంటర్వ్యూ అంటే ఇంటికి రివ్యూ అని నాకు కాగితం వచ్చిన మంగళవారమే తెలిసింది. ఫోనులో సంగతి చెప్పిన గంటకల్లా మా ముందుగదిలో ఇద్దరు దిగారు.

ఒకరు మా ఆవిడ అన్నగారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇంటా బయటా ఆయన పేరు ముహూర్తం బావ. గోడ గడియారం ఉన్నది ఆయనకు మేకు దాచడానికే. టైము చూసేది పంచాంగంలో. టీ ఇస్తే "వర్జ్యం వెళ్ళనీ" అని పక్కన పెడతారు. వర్జ్యం వెళ్ళేసరికి టీ చల్లారుతుంది. చల్లారింది మళ్ళీ వేడి చేసేది మా ఆవిడ.

రెండోవారు మా అక్క, దీక్షల అక్క. ఆవిడ ఉపవాసాలు ఉండదు, ఉంచుతుంది.

"వచ్చే వారం గురువారం పదకొండింటికా?" అని బావగారు పంచాంగం మీద వేలు పెట్టారు. "ఫరవాలేదు, సద్దుకోవచ్చు. మాట తడబడకుండా హయగ్రీవుడు. ఆటంకాలు పోవడానికి వినాయకుడు. పొద్దున నూటెనిమిది, సాయంత్రం నూటెనిమిది. నాలుగోనాటి నుంచి రెట్టింపు."

"ధైర్యానికి ఆంజనేయుడు లేకుండా ఎలా?" అని అక్క అందుకుంది. "నేను చెబుతున్నా విను పిల్లా. తొమ్మిది రోజులు ఒంటిపూట భోజనం. ఆ ఒంటిపూట కూడా చప్పిడి."

"తిండి లేకపోతే చెయ్యి వణుకుతుంది వదినా. సూది పట్టుకోవాలి నేను."

"చెయ్యి వణక్కుండా ఉండటానికేగా ఆంజనేయుడు!"

ఈ జవాబుకు ఎదురు జవాబు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు.

మా ఆవిడకు దేవుడంటే పడదని ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లో దేవుడితో మాట్లాడేది ఆవిడ ఒక్కతే. రోజూ తెల్లారుతూనే దీపం వెలిగించి పది నిమిషాలు కళ్ళు మూసుకుంటుంది. వాళ్ళమ్మ నేర్పిన అమ్మవారి నామం ఒకటుంది, అదొక్కటే. పెదవి కూడా కదలదు. లేచేసరికి ఆవిడ మొహం కడిగిన పలకలా ఉంటుంది. ల్యాబులో పనిచేసే రోజుల్లో ప్రతి సూదికీ ముందు ఒక్క ఊపిరి సేపు ఆ నామం అనుకునేదట. ఆవిడ ధైర్యం అంతవరకే. లెక్క లేదు, రెట్టింపు లేదు, పక్కవాళ్ళకు వినపడదు. వినపడని భక్తి మా వాళ్ళకు భక్తి కాదు.

ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ చదువుకోవలసింది చాలా ఉంది. పందొమ్మిదేళ్ళలో సూదులు మారాయి, సీసాలు మారాయి, మెషీన్లు మారాయి. ఒకే చేతి నుంచి అయిదు సీసాలు నింపాలంటే ముందు ఏ రంగు మూత, తరువాత ఏ రంగు మూత అని ఒక వరస ఉంటుంది. అది తప్పితే పరీక్ష ఫలితం తప్పుతుంది. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఆవిడ అదే వల్లె వేసుకునేది.

"నీలం, ఎరుపు, పచ్చ, ఊదా, బూడిద. నీలం, ఎరుపు, పచ్చ..."

అక్క చేతులు జోడించి నిలబడింది. "ఇదేం స్తోత్రమే? నేనెప్పుడూ వినలేదు. నవగ్రహాలదా?"

"సీసా మూతల వరస వదినా."

అక్క చేతులు దించేసింది. "వాటితో ఏమొస్తుంది? లే, ఆంజనేయుడు మిగిలిపోయాడు."

పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర జపం. మధ్యలో చప్పిడి తిండి, దాని నీరసం. బావగారికి రెండుసార్లు వేడి చేసిన టీ. అక్కకు మోకాలి నూనె. పుస్తకం తెరిచేసరికి ఆవిడ రెప్పలు మూసుకుపోయేవి. నా ఒళ్ళు మండిపోయింది. నాకు కోపమొస్తే గొంతు పైకప్పు తాకుతుంది.

"మీ ఇద్దరికీ అంత ప్రేమ ఉంటే ఈ తొమ్మిది రోజులూ ఒక పూట వంట చెయ్యండి! నూటెనిమిది గిన్నెలు తోమండి, పుణ్యం! జపం తన చేత, ఉపవాసం తన చేత, అంట్లు కూడా తన చేతేనా? ఇది దీక్షా, శిక్షా?"

"మీకు ప్రాసలు తప్ప ప్రార్థనలు రావు బావా," అన్నారు బావగారు శాంతంగా.

"పోనీలెండి," అంది మా ఆవిడ. "వాళ్ళ మనసు అలా ఉంది. నాలుగు రోజులు."

'పోనీ' అనే మాట మీద ఆవిడ జీవితంలో పందొమ్మిదేళ్ళు పోయాయి. అది అనలేక నేను వెళ్ళి ఒక చెప్పుల దుకాణం బోర్డు మీద అక్షరాలు కసిగా రాశాను. 'ప్పు' కొమ్ము అరడుగు ఎక్కువ దిగింది.

జపాలతో ఆగితే ఈ కథ లేదు. ఆరో రోజు నుంచి దారాలు మొదలయ్యాయి. బావగారు పసుపుది ఒకటి, ఎర్రది ఒకటి. అక్క నల్లది ఒకటి, కాషాయం ఒకటి. మేడ మీద సంగీతం టీచరమ్మ తెల్లది. మా పిన్ని పోస్టులో పంపింది మరొకటి, రంగు ఇదని చెప్పలేం, ప్రయాణంలో వెలిసిపోయింది. అన్నీ మా ఆవిడ ఎడమ మణికట్టుకే. ఆరు కట్లు పడ్డాక అది మణికట్టులా లేదు, ఏదో పరుపుల దుకాణం వాడు కట్టిన చాపచుట్టలా ఉంది.

ఆవిడ తొమ్మిదో షరతు తీసి వాళ్ళ ముందు పెట్టింది. "ఇదిగో అన్నయ్యా. మోచేతి కింద ఏమీ ఉండకూడదట."

బావగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఉంగరం, గాజు, వాచీ మొదలైనవి. అంటే లోహాలు. దారం లోహం కాదు."

"లోహం కాదు, మోహం," అన్నాను.

నన్ను ఎవరూ పట్టించుకోలేదు. బావగారు చెల్లెలి వైపు వంగి గొంతు తగ్గించారు. "ఫలితం వచ్చేదాకా విప్పకూడదమ్మా. మధ్యలో విప్పితే కట్టినవాళ్ళకు ఎదురు తగులుతుంది. మీ వదినకు అసలే బీపీ. నా సంగతి సరేలే, నేనెలాగూ పెద్దవాణ్ణి."

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతవరకు తగ్గలేదు. దేవుడి పేరు చెప్పి కట్టిన దారం చివర తమ ప్రాణాలు వేలాడదీసి, 'తెంపుకుంటే తెంపుకో' అంటున్నారు. దాన్ని రక్ష అంటారా? నా నిఘంటువులో దానికి వేరే మాట ఉంది, ఆడవాళ్ళ ముందు అనలేను.

ఇంత అరిచిన నేను బుధవారం సాయంత్రం ఏం చేశానో చెప్పకపోతే ఆ కోపానికి విలువ లేదు.

బ్రష్షులు కడుక్కుంటూ ఆలోచించాను. అందరూ ఏదో ఒకటి కట్టారు. రేపు పొరపాటున ఉద్యోగం రాకపోతే, 'కట్టుకున్నవాడు మాత్రం ఏమీ కట్టలేదు' అని ఎవరైనా అంటే? వాళ్ళు అనకపోయినా నేను అనుకుంటే? దారిలో ఉన్న గుడికి వెళ్ళాను. పూజారి చేతిలోంచి ఒక ఎర్ర దారం తీసుకుని, ఇంటికొచ్చి, "నాది కూడా ఒకటి," అని నసిగాను.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. నవ్వలేదు. చెయ్యి చాపింది.

పెళ్ళిలో మూడు ముళ్ళు వేశాను, అప్పుడు నాకు ముడి వెయ్యడం రాదు. ఈ పాతికేళ్ళలో వచ్చింది. ఎత్తులో బోర్డు రాసేటప్పుడు నేను నిలబడే చెక్కను తాళ్ళతో కట్టుకుంటాను. ఆ తాడుకు వేసే ముడి ఒకటుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. దాని మీద నా ప్రాణం ఉంటుంది కనుక నా చేతులకు వచ్చిన ముడి అదొక్కటే. ఆలోచించకుండా అదే వేశాను. పైగా దారానికి రెండు చుట్లు.

గురువారం పది ముప్పావుకు నలుగురం ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నాం. మా ఆవిడ కొత్త తెల్లకోటు చేతి మీద వేసుకుంది. గాజులు, ఉంగరం ఇంట్లోనే తీసి పెట్టింది. కుడి చెయ్యి బోసి. ఎడమ చెయ్యి చాపచుట్ట.

"ఇక్కడే తీసేస్తాను," అంది.

"ఫలితం రానీ!" అన్నారు బావగారూ అక్కా ఒకే గొంతుతో. ఈ తొమ్మిది రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటి.

నేను ఆవిడ చెవిలో అన్నాను. "లోపలికి వెళ్ళి తీసెయ్. ఎవరు చూడొచ్చారు? లాగితే వచ్చేస్తాయి."

లాగితే వచ్చేస్తాయట! ఆ ముడి వేసిన మహానుభావుడు అన్న మాట అది.

ఆవిడ లోపలికి వెళ్ళింది. మేం హాల్లో కూర్చున్నాం. నేలకు బోల్టులు బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా నంబర్లు మారే ఎర్ర అక్షరాల పెట్టె. బావగారు కుర్చీలో తూర్పుకు తిరగాలని చూశారు. కుర్చీ తిరగలేదు, ఆయన నడుం తిరిగింది. ఆ భంగిమలోనే గంటసేపు హయగ్రీవుణ్ణి పిలిచారు. అక్క కళ్ళు మూసుకుని జపిస్తూ మధ్యమధ్య ఒక కన్ను తెరిచి, "నంబరు మారిందా?" అని అడుగుతోంది.

లోపల జరిగింది తరువాత క్యాంటీను బెంచీ మీద మా ఆవిడ చెప్పింది. బావగారూ అక్కా హాల్లోనే ఉన్నారు. ఫలితం నాలుగింటికి గోడకు అంటిస్తారట. చెబుతూ రెండు అరటిపళ్ళు తింది, మూడోది చేతిలో పెట్టుకుంది. తొమ్మిది రోజుల తరువాత ఆవిడ ఆకలితో తినడం చూశాను.

"ఇద్దరున్నారు. ల్యాబు పెద్దావిడ ఒకరు, టై కట్టుకున్న ఆఫీసరు ఒకాయన. ఆయన ముందు మొదలెట్టాడు. 'పందొమ్మిదేళ్ళు ఖాళీగా ఉన్నారా?' అని."

"ఏమన్నాడూ?" నా టీ ఒలికింది. "ఖాళీయా? మా ఇంట్లో ఖాళీగా ఉన్నవి గిన్నెలే, అవి కూడా నువ్వు తోమాకే! ఎక్కడ ఆ టై, దాన్ని పట్టుకుని..."

"కూచోండి. నేను చెప్పాను. 'మంచంలో ఉన్న మనిషికి ఏడేళ్ళు ఇంజెక్షన్లు ఇచ్చానండీ, ఒక్క పుండు పడనివ్వలేదు, దాన్ని ఏ గడిలో రాయాలో మీ ఫారంలో లేదు' అని. ఆయన ఫారం తిప్పి వెనక చూశాడు. నిజంగానే లేదు."

"తరువాత?"

"పెద్దావిడ నవ్వి, రండి సూది చూద్దాం అంది. అయిదు నిమిషాలు టైము. వాచ్‌మన్ పెద్దాయన చెయ్యి చాపి కూచున్నాడు. బక్కచెయ్యి. నరం కనపడదు. నా ముందు వెళ్ళినమ్మాయి గుచ్చిన చోట దూది పెట్టి ఉంది. నేను దారాలు తీసేద్దామని గబగబా లాగాను. అన్నయ్యవి వచ్చాయి. వదినవి వచ్చాయి. టీచరమ్మది, పిన్నిది తెగాయి. మీది రాలేదు."

నేను బెంచీ వైపు చూశాను.

"పళ్ళతో లాగాను. ఇంకా బిగిసింది. వేళ్ళు నీలంగా అయ్యాయి. గోడ మీద గడియారం తిరుగుతోంది. పెద్దావిడ లేచి దగ్గరికొచ్చి, 'ఎవరు కట్టారమ్మా ఇది?' అంది. 'మా ఆయనండీ, ఎత్తులో బోర్డులు రాస్తాడు,' అన్నాను. 'మిమ్మల్ని దేనికి కట్టేశాడు?' అంది."

"అయ్యో."

"టై ఆయన తొమ్మిదో షరతు పైకి చదివాడు. చదివి, 'ఇంట్లోనే తీసి రావాలని తెలీదా?' అన్నాడు. నిజం చెప్పాను. 'తెలుసండీ. ఇంట్లో మావాళ్ళ మనసు నొప్పించలేకపోయాను. అది నా తప్పు. పేషెంటు చేతి దగ్గరికి మాత్రం దీంతో రాను, ఒక కత్తెర ఇప్పించండి' అన్నాను. పెద్దావిడ తనే కత్తెర ఇచ్చింది. అప్పటికి రెండు నిమిషాలు పోయాయి."

"టైము మళ్ళీ ఇచ్చారా?"

"ఎందుకిస్తారు? చేతులు కడుక్కున్నాను. గ్లవ్స్ వేసుకున్నాను. పట్టీ బిగించాను. ఒక్క ఊపిరి, అమ్మ నేర్పిన నామం. కళ్ళు తెరిచి వేలు పెట్టేసరికి నరం వేలి కింద మెత్తగా తగిలిందండీ! కనపడదు, కానీ ఉంది. ఒకే గుచ్చు. నీలం, ఎరుపు, పచ్చ, ఊదా, బూడిద. ఆఖరి సీసా తిప్పి పెట్టేసరికి పది సెకన్లు మిగిలాయి. పెద్దాయన, 'అయిపోయిందా?' అన్నాడు."

ఆవిడ మూడో అరటిపండు ఒలిచింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను జోకు వేస్తాను. ఆ రోజు ఏ జోకూ రాలేదు. "నా వల్లే రెండు నిమిషాలు," అన్నాను.

"అవును, మీ వల్లే," అంది మొహమాటం లేకుండా.

నాలుగింటికి గోడకు కాగితం అంటించారు. నాలుగు ఉద్యోగాలు. మూడో వరసలో మా ఆవిడ నంబరు.

ఇక్కడ కథ ఆనందంగా ముగియాలి. మా ఇంట్లో అలాంటివి ముగియవు. అయిదింటికి ఇల్లు చేరేసరికి బావగారు ఫోను చెవికి అతికించుకుని ఉన్నారు. "అంతా హయగ్రీవం! నేను కట్టిన పసుపు దారం. మీ కోడలికి కూడా చెప్పండి, కడతాను." అక్క రెండో ఫోనులో: "ఆంజనేయుడండీ! నల్లది. ఎందుకు రాదు? నేనేగా ఉపవాసం ఉంచింది!" ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడకుండా గొంతులు పెంచుకుంటున్నారు. ఉద్యోగం వచ్చిన మనిషి వంటింట్లో వాళ్ళిద్దరికీ టీ పెడుతోంది. ఏడేళ్ళ ఇంజెక్షన్లు లెక్కలోకి రావు. వాచ్‌మన్ చేతిలో వెతికి పట్టుకున్న నరం లెక్కలోకి రాదు. ఉద్యోగం దారానికి వచ్చింది. ఈవిడ దారం వేలాడే మేకు!

నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ టీ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి వాళ్ళ ముందు చాపింది. మణికట్టు మీద ఎర్రగా ఒక గీత తప్ప ఏమీ లేదు.

"తీసేశావా!" అన్నారు బావగారు. "ఎప్పుడు?"

"సూది పట్టుకునే ముందు."

ఆయన లెక్కల మాస్టారు. ఒక్క క్షణంలో సర్దేశారు. "అంటే అప్పటివరకు పనిచేసిందన్నమాట."

"అప్పటివరకు టైము తిన్నది అన్నయ్యా."

అక్క గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఎదురు తగుల్తుందన్నారే! నాకేమన్నా అయితే?"

"పదకొండున్నరకు తీశాను వదినా. ఇప్పుడు అయిదు. ఏమన్నా అయిందా?"

అక్క ఒళ్ళంతా తడుముకుని చూసుకుంది. "మోకాలు నొప్పిగా ఉంది."

"అది పన్నెండేళ్ళుగా ఉంది."

అక్కడితో పోయిందనుకున్నాను. శుక్రవారం నియామకపు ఉత్తరం వచ్చింది. సోమవారం ఉదయం ఏడు గంటలకు చేరాలి. ఆ టైముకు రానివాళ్ళ స్థానం వెయిటింగ్ లిస్టులో తరువాతివారికి వెళుతుంది. బావగారు ఉత్తరం అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. పంచాంగం మూడుసార్లు చదివారు. "ఏడింటికి వర్జ్యం. ఏడున్నర నుంచి తొమ్మిదిదాకా రాహుకాలం. తొమ్మిది దాటాక చేరితే శుభం," అన్నారు. మా ఆవిడ ఉత్తరం తీసుకుని అలమరలో పెట్టుకుంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన మాట్లాడకపోతే అనుమానించాలని నాకు తట్టలేదు.

శనివారం పన్నెండింటికి ఆసుపత్రి నుంచి ఫోను. టై ఆయన. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"సోమవారం మీరు తొమ్మిదిన్నరకు వస్తామని ఉత్తరం ఇచ్చారు. ఏడుకు రాలేకపోతే చెప్పండి, తరువాతివారిని పిలుస్తాం."

"నేను ఏ ఉత్తరమూ ఇవ్వలేదండీ."

"మీ సంతకం లేదు. 'అభ్యర్థి తరఫున, అన్నయ్య' అని ఉంది. పొద్దున స్వయంగా తెచ్చి ఇచ్చారు. కాదంటే మీ చేతిరాతతో రాసివ్వండి. ఒంటిగంటకు ఆఫీసు మూసేస్తాం."

బావగారు ఎదురు కుర్చీలోనే ఉన్నారు. టీ చల్లారబెట్టుకుంటున్నారు.

నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "బావగారూ! మీరు ముహూర్తం పెట్టారా, మూర్ఖత్వం పెట్టారా? ఆ ఉద్యోగం ఎవరిది? ఆ వయసు ఎవరిది? రెండు నెలలు దాటితే ఈవిడ దరఖాస్తు పెట్టడానికి కూడా పనికిరాదు, తెలుసా మీకు? తరఫునట, తరఫున! ఎవరు వేశారయ్యా మిమ్మల్ని..."

"మీరు ఆగండి," అంది మా ఆవిడ.

"ఆగేదేమిటి! ఇవాళ..."

"ఆగండి అన్నానా. ఈ కోపం నాది. మీరు అరిస్తే ఇది బావాబావమరుదుల గొడవైపోతుంది, మళ్ళీ నేనే ఇద్దరికీ సర్దిచెప్పాలి."

నేను ఆగాను. నా జన్మలో అంత తొందరగా ఎప్పుడూ ఆగలేదు.

ఆవిడ అన్నగారి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"అన్నయ్యా, పొద్దున ఏడింటికి అక్కడ ఎవరుంటారో తెలుసా? ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చిన మనుషులు. సుగరున్నవాళ్ళు, ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు. రక్తం ఇస్తేగానీ నోట్లో నీళ్ళు పోసుకోరు. తొమ్మిదిన్నరదాకా వాళ్ళు నా శుభం కోసం కళ్ళు తిరిగి పడిపోవాలా?"

"నీ మంచికే కదమ్మా..."

"నా మంచి మీరు తొమ్మిది రోజులు చూశారు. నా చేత ఎంత జపం చేయించారు! ఒక్కరోజైనా, 'సూది సంగతి ఎంతవరకు వచ్చిందమ్మా' అని అడిగారా? నాకు దేవుడున్నాడు అన్నయ్యా. మీకంటే ముందు నుంచీ ఉన్నాడు. ఆయన నా తరఫున ఉత్తరాలు రాయడు."

బావగారు కప్పు చేతిలోకి తీసుకున్నారు. తాగలేదు, పెట్టలేదు. "నేను... ఒక మాట అడిగి రాయాల్సింది," అన్నారు చివరికి.

"అడిగితే వద్దనేదాన్ని. అందుకే అడగలేదు." ఆవిడ అప్పటికే కాగితం మీద రాస్తోంది. రెండు వాక్యాలు, కింద సంతకం. "పదండి," అంది నాతో. "బండి తియ్యండి. దారిలో జోకులొద్దు."

ఒంటిగంటకు పదకొండు నిమిషాల ముందు ఆ కాగితం టై ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన పాత ఉత్తరం తీసి, కొత్తది ఫైలులో గుచ్చి, "ఏడు అంటే ఏడు," అన్నాడు.

"ఆరున్నర," అంది ఆవిడ.

సోమవారం ఆరున్నరకు ఆవిడ ల్యాబు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నన్ను వెళ్ళిపొమ్మంది. నాకు కాళ్ళు రాలేదు. హాల్లో కూర్చున్నాను. అప్పటికే ముప్ఫైమంది ఉన్నారు, అందరూ ఖాళీ కడుపులు, అందరి మొహాల్లో నా మొహంలో ఉండే కోపం. నా పక్కాయన నన్ను వాసన చూసి, "టీ తాగొచ్చారా?" అన్నాడు ద్వేషంగా. క్షమించమన్నాను.

ఆరు యాభై ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. "ఒకటో నంబరు!" మా ఆవిడ గొంతు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. గట్టిగా, తేలిగ్గా, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని గొంతు. ఒకటో నంబరు ముసలామె లోపలికి వెళ్ళి, మోచేతి మడతలో దూది నొక్కుకుని బయటికొచ్చి, "టిఫిను ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

ఏడుంబావుకు నా ఫోను మోగింది. బావగారు.

"బావా, చేరిందా? ఏ నిమిషానికి చేరిందో చెప్పండి. ఏమీ అననులెండి. రాసిపెట్టుకుంటాను, అంతే."

"ఆరో మనిషి లోపలికి వెళ్ళాడు బావగారూ," అన్నాను. "ఏడో ఆయన ఆకలితో నా వైపే చూస్తున్నాడు. ఫోను పెట్టెయ్యండి."